ఎక్కే బండికే దారి

మా పెద్దమ్మ పోయింది. ఫరీదాబాద్‌లో, తన మంచం మీదే, నిద్రలోనే. పొద్దున్న కాఫీ తీసుకెళ్ళిన అక్క లేపబోతే లేవలేదట. అక్క అంటే పెద్దమ్మకు ఒక్కగానొక్క కూతురు, నాకంటే కొన్నేళ్ళు పెద్ద. ఢిల్లీ పక్కనే వైశాలిలో మా బాల్కనీలో నిలబడి ఆ ఫోను అందుకున్నాను. ఎదుటి బిల్డింగు కూడా కనబడనంత పొగ పట్టి ఉంది ఆ రోజు.

“అమ్మ పోయిందే,” అంది అక్క. తర్వాత, “ఇప్పుడు నీ కడుపు నిండిందా?” అని ఫోను పెట్టేసింది.

ఆ మాట ఎందుకందో చెప్పాలి. అంతకు నెలన్నర ముందు అక్క హైదరాబాదులో ఒక పెళ్ళికి వెళ్తూ పెద్దమ్మను మా ఇంట్లో దింపి వెళ్ళింది. గుండె బలహీనపడిందని, కొండలూ ఎత్తు ప్రదేశాలూ వద్దే వద్దని డాక్టరు గట్టిగా చెప్పిన మనిషి ఆవిడ. ఆ మనిషిని నేను కారెక్కించుకుని, అక్కకు చెప్పకుండా, హిమాలయాల వైపు గఢ్వాల్ కొండల్లోకి తీసుకెళ్ళాను. చిన్నప్పుడు ప్రతి వేసవిలో ఆవిడే మమ్మల్ని తీసుకెళ్ళిన దారిలోనే తీసుకెళ్ళాను. ఆ ప్రయాణమే పెద్దమ్మను పొట్టన పెట్టుకుందని అక్క నమ్మకం. మా చుట్టాల్లో సగం మందిదీ అదే నమ్మకం. మిగతా సగం మంది పైకి అనరు, అంతే తేడా.

డాక్టరును నేనే వెళ్ళి అడిగాను. ఆ ప్రయాణం వల్లే జరిగిందనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం అన్నాడు. పాపం, ఉన్నమాటే చెప్పాడు. కానీ నేను ఆయన మాట అడ్డం పెట్టుకుని తప్పుకోదలచుకోలేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు చేతులు కట్టుకుని రాయాలంటారు. నాకది చేతకాదు. ఇది క్షమాపణ అనుకుని చదవడం మొదలుపెట్టి ఉంటే ఇక్కడే ఆపేయండి. పెద్దమ్మ లేచి వచ్చి మళ్ళీ అడిగితే, మళ్ళీ తీసుకెళ్తాను.

ఫరీదాబాద్‌లో మా రెండు కుటుంబాలవీ ఎదురెదురు గుమ్మాలు. మా నాన్నా, పెదనాన్నా ఫ్యాక్టరీ ఉద్యోగాలకని కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు. పెద్దమ్మ బడిలో సైన్సు టీచరు. మే నెల వచ్చిందంటే గోడలు కూడా వేడిగాలి కొట్టేవి. బడికి సెలవులివ్వగానే పెద్దమ్మ తెల్ల కారు తీసేది. నాన్నకు సెలవు దొరకదు, అమ్మకు కారు పడదు, కాబట్టి నేను వాళ్ళతో వెళ్ళేదాన్ని. ఢిల్లీ దాటి, మీరట్ దాటి, బిజ్నౌర్ దగ్గర గంగ దాటి, కోట్‌ద్వార్ చేరితే అక్కడి నుంచి కొండ మొదలవుతుంది. దుగడ్డా, గుమ్‌ఖాల్ మీదుగా ఎక్కి, అవతలికి దిగితే నది ఒడ్డున సత్‌పులి. పెదనాన్నతో పనిచేసే ఒక గఢ్వాలీ మేస్త్రీది ఆ పక్క ఊరే. వాళ్ళ ఇంట్లో మకాం.

పెదనాన్న గట్టి మనిషి. ఎంత పెద్ద మిషనునైనా విప్పి మళ్ళీ బిగించగలడు. కొండ మలుపు మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. దుగడ్డా దాటకముందే మొహం పాలిపోయేది. అందుకని పెద్దమ్మ కారు నేర్చుకుంది. ఆదివారాలు ఫ్యాక్టరీ గ్రౌండులో నేర్పింది పెదనాన్నే. ఎవరైనా నవ్వుతూ, “ఏంటి సార్, మేడమ్ నడుపుతున్నారు?” అంటే, “నేను వాంతులు చేసుకోవాలి కదండీ, రెండు పనులూ ఒక్కణ్ణే ఎలా చేస్తాను?” అనేవాడాయన. ఏ చిన్నతనమూ లేకుండా అనేవాడు. నాకాయన అందుకే ఇష్టం.

కోట్‌ద్వార్‌లో కొండ మొదట్లో కారాపి పెద్దమ్మ చెప్పులు విడిచేది. కొండ మీద ఎప్పుడూ వట్టి కాళ్ళతోనే నడిపేది. కొంగు బొడ్లో దోపుకుని, పెదనాన్న చేతికి నిమ్మకాయ ఇచ్చి, వెనక్కి తిరిగి మా ఇద్దరికీ పని అప్పజెప్పేది. కొండదారి మెలికలు తిరుగుతూ ఉంటుంది కాబట్టి రెండు మలుపుల పైన వచ్చే బస్సు ఇక్కడి నుంచే కనబడుతుంది. దాన్ని ముందే చూసి చెప్పడం అక్క పని. కింద మన వెనక వచ్చేవాటిని చూడటం నా పని. నిద్రపోకూడదు. “నిద్రొస్తే చెప్పండి, దిగిపోయి ఇక్కడే పడుకుందురుగాని,” అనేది. “పైన బస్సు,” అని అక్క అరవగానే పెద్దమ్మ కాస్త వెడల్పున్న చోటు చూసుకుని సిద్ధంగా ఉండేది. మేం లేకపోతే ఆ కారు కొండెక్కదని మా ఇద్దరికీ గట్టి నమ్మకం.

కొండదారికి ఒక రూలుంది. ఇరుకు చోట రెండు బళ్ళు ఎదురుపడితే ఎక్కే బండికే దారి. దిగే బండి ఆగాలి, అవసరమైతే వెనక్కి వెళ్ళాలి. ఎక్కే బండి ఆగితే మళ్ళీ కదలడం కష్టం, అందుకు. పెద్దమ్మకు ఆ రూలంటే ప్రాణం. దాన్ని కనిపెట్టింది తానే అన్నట్టు మాట్లాడేది.

ఒక వేసవి గుమ్‌ఖాల్‌కు ఇంకా కొంత దూరముందనగా, పై నుంచి జనాన్ని కుక్కిన జీపొకటి దిగింది. దాని వెనక చాలా చోటుంది. మా వెనక మలుపూ, లోయా. జీపువాడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా, “ఓ మేడమ్, పీఛే కరో,” అని అరిచాడు. నడిపేది ఆడమనిషి అని చూశాక అతనికి ఇంకా ధైర్యం వచ్చినట్టుంది.

“భయ్యా, చఢ్నేవాలీ గాడీ కా హక్ హై,” అంది పెద్దమ్మ, క్లాసులో పాఠం చెప్పినట్టే. ఎక్కే బండిది హక్కు అని. అతను మళ్ళీ హారన్ కొట్టాడు. పెదనాన్న నిమ్మకాయ ముక్కు దగ్గరి నుంచి తీయకుండానే, “పోనీ వెనక్కి తియ్యరాదూ,” అన్నాడు.

పెద్దమ్మ హ్యాండ్‌బ్రేకు లాగింది. ఇంజను ఆపింది. సీటు కింద చెయ్యి పెట్టి జంతికల డబ్బా తీసింది. ఆ డబ్బా ఎప్పుడూ అక్కడే ఉండేది, మూత మీద సొట్టతో. ఒకటి తను తీసుకుని డబ్బా మాకందించింది. హారన్ మోగుతోంది, ఆవిడ కరకరా నములుతోంది. మేం భయపడుతూనే నమిలాం. కాసేపటికి జీపులో జనమే నవ్వడం మొదలుపెట్టి, పోనివ్వవయ్యా అని డ్రైవరును తిట్టారు. జీపు వెనక్కి వెళ్ళింది. దాని పక్క నుంచి పోతూ పెద్దమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి, గుప్పెడు జంతికలు ఆ డ్రైవరుకిచ్చింది. “లో భయ్యా,” అంది. అతను తీసుకున్నాడు కూడా.

దిగేటప్పుడు మాత్రం ఈవిడ ఆవిడేనా అనిపించేది. ఎదురుగా స్కూటరొచ్చినా ఆగేది, ఎద్దుబండొచ్చినా ఆగేది. ఒకసారి గడ్డిమోపులతో ఎక్కుతున్న ఆడవాళ్ళ కోసం ఆగి, వాళ్ళు కనుమరుగయ్యేదాకా కదల్లేదు. “ఇప్పుడు దారి మనది కాదు,” అనేది. ఆవిడ మొండితనం గురించి చెప్పేవాళ్ళు ఈ సగం చెప్పరు. అందుకే నేను చెబుతున్నాను.

ఆ రూలును పెద్దమ్మ కొండ మీదే వదిలి రాలేదు. ఫరీదాబాద్‌లో మా మెట్లు మరీ ఇరుకు. బరువుతో ఎక్కేవాళ్ళకు దిగేవాళ్ళు గోడకు అంటుకుని దారివ్వాలని ఆవిడే పెట్టింది. కింది మెట్టు మీద కాలు పెడుతూనే, “ఎక్కుతున్నా,” అని కేక వేసేది. హర్యానా వాళ్ళు, పంజాబీలు, బీహారువాళ్ళు ఉన్న బిల్డింగు అది. ఏడాది తిరిగేసరికి అందరికీ ఆ కేక అలవాటైంది. మా పై అంతస్తు హర్యానా ఆంటీ ఇవాళ్టికీ కూరగాయల సంచితో కింద నిలబడి, “ఎక్కుతున్నా,” అనే అరుస్తుంది. అది మెట్లెక్కేటప్పుడు అనాల్సిన మాట అని తప్ప ఆవిడకు దాని గురించి ఇంకేం తెలియదు.

అక్క ఇంజనీరింగు చదువుతానన్న ఏడు ఊళ్ళో ఉన్న పెదనాన్న అన్నదమ్ములు పనిగట్టుకుని రైలెక్కి వచ్చారు. మంచి సంబంధం ఉంది, ఇప్పుడు చదువేంటి అని. పెద్దమ్మ కాఫీలిచ్చింది, టిఫిన్లు పెట్టింది. అంతా విని, “అది ఎక్కుతోందండీ. మీరు కాస్త వెనక్కి జరగండి,” అంది. వాళ్ళకు అర్థం కాలేదు. తలుపు చాటున నిలబడ్డ మా ఇద్దరికీ అర్థమైంది. అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో నాకింకా గుర్తుంది.

ఇదంతా చెప్పకుండా ఆఖరి ప్రయాణం గురించి చెబితే న్యాయంగా ఉండదు.

పెదనాన్న పోయాక అక్కా బావా ఫరీదాబాద్ ఫ్లాట్లోకే వచ్చి పెద్దమ్మతో ఉన్నారు. రెండేళ్ళ కిందట పెద్దమ్మ గుండె మొరాయించినప్పటి నుంచి అక్క చేసిన సేవ మామూలుది కాదు. నేను అంత చేయలేదు, చేయలేను కూడా. వేళకు మందులు, ఉప్పులేని కూర, పొగ రాకుండా మూసిన కిటికీలు. మెట్లు దిగనిచ్చేది కాదు. బాల్కనీలోకి వెళ్తే శాలువా పట్టుకుని వెనకే వచ్చేది. అందరూ అక్కను మెచ్చుకునేవారు, మెచ్చుకోవాల్సిందే. కానీ నేను వెళ్ళినప్పుడల్లా పెద్దమ్మ కుర్చీ కిటికీ వైపు ఇంకొంచెం జరిగి ఉండేది. అద్దంలోంచి కింద పార్కింగులో ఎవరు ఎలా రివర్సు తీస్తున్నారో చూస్తూ తిట్టుకునేది.

“గుమ్‌ఖాల్‌లో టీ తాగొద్దామేంటే?” అంది ఒకరోజు నాతో, అక్క ముందే.

“అమ్మా, మళ్ళీ మొదలెట్టకు. నీకిప్పుడు కొండలెక్కే వయసా?” అంది అక్క.

“మరి దిగే వయసా?”

అక్క చేతిలో గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఏడవడానికే వెళ్ళిందని ముగ్గురికీ తెలుసు. పెద్దమ్మ ఆ తర్వాత అక్క ముందు ఆ ఊసెత్తలేదు. నాకు మాత్రం ఫోను చేసినప్పుడల్లా, “నీ బండి కండిషనులో ఉందా?” అని అడిగేది.

అక్క ఆవిణ్ణి మా ఇంట్లో దింపి ఎయిర్‌పోర్టుకు వెళ్ళిందో లేదో, పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళి బియ్యప్పిండి ఎక్కడుందని అడిగింది. జంతికల గొట్టం తన సంచిలోనే తెచ్చుకుంది. డబ్బా కూడా తెచ్చుకుంది, మూత మీద సొట్ట ఉన్నదే. వేయించడమంతా నా చేత చేయించి, పిండి మాత్రం తనే కలిపింది. ఉప్పు నేను వేస్తానంటే వెయ్యనివ్వలేదు. మర్నాడు నేను లేచేసరికి తయారై సోఫాలో కూర్చుని ఉంది.

“ఆఫీసుకు సెలవు పెట్టావా, నన్ను పెట్టమంటావా?” అంది.

నేను ఆలోచించలేదంటే అబద్ధం. మందులన్నీ రెండేసి సర్దాను. దారిలో ఆసుపత్రులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకున్నాను. తర్వాత ఆవిడ మొహం చూశాను. ఆ మొహం నేను చాలా కాలంగా చూడలేదు. బండి తీశాను.

గ్రేటర్ నోయిడాలో చదువుకునే మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చి మాతో ఎక్కింది. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. దుగడ్డా దాటేసరికి దాని మొహం పాలిపోయింది. పెద్దమ్మ ఎంత సంబరపడిందో చెప్పలేను. “అచ్చం మీ తాత పోలికే,” అని సంచిలోంచి నిమ్మకాయ తీసిచ్చింది. “నానీ, ప్లీజ్, ధీరే బోలో,” అని మూలిగింది మా అమ్మాయి. పెద్దమ్మ నెమ్మదిగా మాట్లాడలేదు. నా పక్క సీట్లో ముందుకు వంగి కూర్చుని, పైకి చూస్తూ, “పైన లారీ... పైన రెండు కార్లు... హారన్ కొట్టు, కొట్టవేం?” అంటూనే ఉంది. అక్క పని ఆవిడ చేస్తోంది.

గుమ్‌ఖాల్‌లో మబ్బు దిగి ఉంది. మంచుకొండలు కనబడలేదు. “అయ్యో,” అన్నాను. “ఏం అయ్యో? మనం టీకి వచ్చాం,” అంది. టీ తాగుతుంటే చేతులు వణికాయి. నేను గ్లాసు పట్టుకోబోతే మోచేత్తో పక్కకు నెట్టింది. ఎందుకింత పట్టుబట్టావు పెద్దమ్మా అని అప్పుడడిగాను.

“మీ అక్క నన్ను బాగానే చూస్తోందే. దాన్ని నేనేమీ అనను. కానీ ఇంట్లో కూర్చుని కూర్చుని, నేనిలాంటి పనులు చేశానా అని నాకే అనుమానంగా ఉంటోంది. ఎవరి గురించో విన్నట్టుంటోంది. అది నేనే కదా? ఓసారి చూసుకుందామని.”

ఇంకా ఎవరికైనా సందేహముంటే, నేను ఆవిణ్ణి తీసుకెళ్ళింది దీనికి. పక్కన కూర్చుని ఈ మాట విన్నాక, తీసుకొచ్చి తప్పు చేశానేమో అన్న ఆలోచన నాకు మళ్ళీ రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

సత్‌పులి దిగి, నది పక్క చిన్న హోటల్లో చేపల కూరా అన్నం తిన్నాం. పెద్దమ్మ ఒక ముద్ద తిని, “భయ్యా, నమక్,” అంది. మా అమ్మాయి, ఉప్పు వద్దన్నారని కంగారు పడి, “నానీ, ఆప్‌కో నమక్ మనా హై,” అంది. “మనా చేసినవాళ్ళు హైదరాబాదులో ఉన్నారమ్మా,” అని పెద్దమ్మ ఉప్పు చల్లుకుంది. ముల్లు ఒక్కటి కూడా వదలకుండా ఏరి, పళ్ళెం అంచున వరసగా పెట్టింది.

తిరిగి గుమ్‌ఖాల్ వైపు ఎక్కుతుంటే, రోడ్డు కాస్త వెడల్పుగా, బళ్ళు లేకుండా ఉన్నచోట, “ఆపు,” అంది. ఆపాను. “ఇటు రా,” అంది. వద్దనబోయాను. కానీ ఆవిడ అప్పటికే చెప్పులు విడిచేసింది. సీట్లు మారాం. జంతికల డబ్బా తన సీటు కిందకి తోసుకుంది. నేను హ్యాండ్‌బ్రేకు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

“తియ్యి ఆ చెయ్యి,” అంది.

తీశాను. ఫస్టులో ఒకసారి కుదుపు, తర్వాత సాఫీగా ఎక్కింది. రెండో మలుపు కూడా తిప్పి, గోడ ఉన్నచోట పక్కకి తీసి ఆపింది. కాస్త ఆయాసపడింది. నవ్వుతోంది. “క్లచ్ ఇంత గట్టిగా ఉందేంటే? సర్వీసింగు చేయించవా?” అని తిట్టింది. మా అమ్మాయి ఫోటో తీసింది. పెద్దమ్మ ఫోను లాక్కుని, ఆ ఫోటోను తన చేత్తోనే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద ఒకే మాట రాసింది: ఎక్కుతున్నా.

అక్క దాన్ని పెళ్ళి మండపంలో చూసింది. తిరిగొచ్చాక నేరుగా మా ఇంటికొచ్చి తల్లి బ్యాగు తీసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు మూసుకుంటుండగా పెద్దమ్మ నాకు కన్ను గీటింది. ఆ తర్వాత ఫోన్లో తప్ప ఆవిడతో మాట్లాడలేదు. పోయిన రోజు పొద్దున నేను ఫరీదాబాద్ వెళ్తే అక్క నన్ను చూసి మొహం తిప్పుకుంది. మంచులో పెట్టిన పెద్దమ్మ పక్కన నేను గుమ్మం వైపు కూర్చున్నాను, తను కిటికీ వైపు కూర్చుంది. ఒక పెద్దాయన, “ఆ వయసులో కొండలేంటమ్మా, తెలిసినదానివి,” అన్నాడు. “మళ్ళీ తీసుకెళ్తానండీ,” అన్నాను. ఆయన లేచి అవతలికి వెళ్ళిపోయాడు.

పెద్దమ్మను కిందికి దించుతున్నప్పుడు ఒకటి జరిగింది. మెట్లు ఇరుకు, పాడె మోసేవాళ్ళు అడుగులో అడుగేసి దిగుతున్నారు. కింద నుంచి పై అంతస్తు హర్యానా ఆంటీ రెండు చేతులా పూలబుట్టలతో వస్తోంది. పైన ఏం జరుగుతోందో చూడకుండా, అలవాటుకొద్దీ, “ఎక్కుతున్నా,” అని కేక వేసింది. వేసి, తలెత్తి చూసి, బుట్టలు గుండెకు హత్తుకుని నిలబడిపోయింది. మోసేవాళ్ళు కూడా ఆగారు, అందరూ ఆ బిల్డింగువాళ్ళే. ఎవరూ చెప్పకుండానే పాడెను గోడ వారకు జరిపారు. ఆంటీ ఏడుస్తూ పక్క నుంచి పైకి ఎక్కింది. దిగుతున్న పెద్దమ్మ దారిచ్చింది. నేనప్పుడు ఏడ్చాను, పెద్దగా ఏడ్చాను. నా వెనక అక్క ఏడుపు కూడా వినబడింది.

అస్థికలు కలపడానికి హరిద్వార్ వెళ్ళాలి. ఇంటి నిండా చుట్టాలు, బావ కదల్లేని పరిస్థితి. నా కారే ఉంది. మా అమ్మాయి నా పక్కన, అక్క వెనక సీట్లో కుండను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. గంగ ఒడ్డున పంతులు, కొడుకు లేడా అని అడిగాడు. “నేనున్నాను,” అని అక్క నీళ్ళలోకి దిగింది. పని పూర్తయ్యాక తడి చీర మార్చుకుని వచ్చి నా ముందు చెయ్యి చాపింది.

“తాళాలు ఇలా ఇవ్వు.”

“ఇంటికేగా? నేను నడుపుతాలే.”

“ఇంటికి కాదు. అక్కడికి. డాక్టరు మాట, నా మాట అన్నీ తోసేసి వెళ్ళేంత ఏముందో అక్కడ, నేనూ చూస్తాను.”

కోపంగానే అంది. తాళాలిచ్చాను. అక్క రోజూ ఫరీదాబాద్ నుంచి గురుగ్రామ్ దాకా కారు నడిపిన మనిషే కానీ, కొండ మీద ఎన్నడూ నడపలేదు. ఎవరైనా గట్టిగా హారన్ కొడితే చాలు, పక్కకి తప్పుకుంటుంది. కోట్‌ద్వార్ చేరాక కొండ మొదట్లో ఆపింది. కాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చుని, తర్వాత చెప్పులు విడిచి నా కాళ్ళ దగ్గర పడేసింది. మా అమ్మాయి వెనక సీట్లో నిమ్మకాయ పట్టుకుని అద్దం దించింది.

“పైన బస్సు,” అంది కాసేపటికి. తెలుగులోనే అంది.

నన్ను క్షమించానని అక్క ఇప్పటికీ అనలేదు. నేను అడగలేదు, అడగను. ఆ తర్వాత జరిగింది మాత్రం చెప్పి ఆపేస్తాను.

గుమ్‌ఖాల్‌కు ఇంకా కొంత దూరముందనగా, పై నుంచి పెద్ద నల్లకారు దిగింది. దాని వెనక చాలా చోటుంది. మా వెనక మలుపు. ఆ కారాయన లైట్లు కొట్టాడు, హారన్ కొట్టాడు, కిటికీలోంచి తల బయటపెట్టి, “మేడమ్, పీఛే లే లో,” అన్నాడు. అక్క చెయ్యి గేరు మీదకి వెళ్ళింది. రివర్సులో వేసింది కూడా. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ క్షణంలో తనకు ఏం తోచిందో నాకు తెలియదు. గేరు మళ్ళీ న్యూట్రల్‌లోకి తెచ్చింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. ఇంజను ఆపింది.

తర్వాత సీటు కింద చెయ్యి పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలిసి ఉండదు. చిన్నప్పుడు డబ్బా ఉండే చోటు అది. చేతికి సొట్ట మూత తగిలింది. పెద్దమ్మ ఆ రోజు తోసుకున్న డబ్బా అక్కడే ఉండిపోయిందని నేను కూడా మర్చిపోయాను. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. బయట హారన్ మోగుతూనే ఉంది. మూత తీస్తే అడుగున కొన్ని జంతికలున్నాయి. కాస్త పాతనూనె వాసన వచ్చింది. ఒకటి తీసి కొరికింది. కరకరలాడింది.

“ఉప్పు ఎంత వేసిందో చూశావా,” అంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నమలడం మాత్రం ఆపలేదు. డబ్బా నా వైపు జరిపింది. నేనొకటి తీసుకుని వెనక సీట్లో మా అమ్మాయికి అందించాను. ముగ్గురం నములుతూ కూర్చున్నాం.

నల్లకారు హారన్ ఆగింది. ఇంకాసేపటికి మెల్లగా వెనక్కి కదిలింది. అక్క కళ్ళు తుడుచుకుని ఇంజను తిప్పి, ఫస్టులో వేసి, వట్టి కాలితో క్లచ్ వదిలింది. ఆ కారు పక్క నుంచి ఎక్కుతూ, కిటికీలోంచి చెయ్యి చాపి, “లో భయ్యా,” అంది. అద్దంలో చూస్తే ఆయన ఆ జంతికను చేత్తో పట్టుకుని, ఇంకా మా బండి ఎక్కుతున్న వైపే చూస్తున్నాడు.